బాల్‌పార్క్ ఫిగర్ అడిగితే ఒక అంకె చెప్పాలా, రెండు చెప్పాలా?

వైట్‌ఫీల్డ్_వాసి
అందరికీ నమస్కారం. అమెరికా క్లయింట్లతో కాల్‌లో "కెన్ యూ గివ్ మీ ఎ బాల్‌పార్క్?" అన్న మాట తరచూ వినపడుతుంది. "సుమారుగా ఎంత" అని అర్థమని తెలుసు. అసలు సందేహాలు వేరే. ఎంత దూరం వరకు సుమారు అనుకోవచ్చు? 40 రోజులు అని చెప్పాక 60 పడితే తప్పు చెప్పినట్టేనా? ఒక్క అంకె చెప్పాలా, "ఇంత నుంచి ఇంత" అనాలా? మెయిల్లో రాసిస్తే దానికి కట్టుబడాలా? ఇంకొకటి, "బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్" అన్న మాటకూ దీనికీ ఏమైనా చుట్టరికం ఉందా?

పదాల_పెట్టె
చివరిది చిన్నది కాబట్టి ముందు దాని సంగతి. చుట్టరికం లేదండి. అది టెన్నిస్ నుంచి వచ్చింది. బంతి మీ వైపు పడింది, ఇక కదలాల్సింది మీరు అని. బాల్‌పార్క్ బేస్‌బాల్ మాట. అమెరికాలో ఆ ఆట ఆడే స్టేడియాన్నే బాల్‌పార్క్ అంటారు. పార్క్ అనగానే బెంగళూరులో ఉండే మనకు కబ్బన్ పార్కు, లాల్‌బాగ్ కళ్ల ముందుకొస్తాయి కాబట్టి ఈ మాట పట్టుబడదు. చిన్నస్వామి స్టేడియాన్ని తలుచుకోండి. బంతి కచ్చితంగా ఎక్కడ పడిందో చెప్పలేకపోయినా ప్రహరీ దాటలేదు, లోపలే ఎక్కడో ఉంది. "ఇన్ ద బాల్‌పార్క్" అంటే అంతే.

ఆటను దాటి ఈ మాట బయటికి రావడానికి 1960 నాటి సంగతి ఒకటి మంచి ఉదాహరణ. ఆ ఆగస్టులో అమెరికా డిస్కవరర్ 14 ఉపగ్రహం నుంచి ఫిల్ము ఉన్న గుళికను కిందికి వదిలారు. హవాయి దగ్గర పసిఫిక్ మీద అది పారాచూట్‌తో దిగుతుంటే సీ-119 విమానం గాల్లోనే కొక్కేలతో అందుకుంది. లెక్క వేసిన చోటికి అది చాలా దూరంలో దిగింది. అయినా విమానాలు పహరా తిరుగుతున్న మేర లోపలే ఉంది కాబట్టి "ఇన్ ద బాల్ పార్క్" అని అప్పటి పత్రికల్లో వచ్చింది. ఇక్కడ గమనించాల్సింది పహరా సంగతి. ముందే ఒక మేర గీసుకుని, ఆ మేర పొడుగునా విమానాలు పెట్టుకున్నారు. గురి తప్పినా గుళిక దొరికింది అందుకే.

వైట్‌ఫీల్డ్_వాసి గారి మొదటి ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. మేర చెప్పకుండా అంకె చెబితే అది బాల్‌పార్క్ కాదు.

జయనగర్_జ్యామితి
బేస్‌బాల్ మైదానం గురించి ఒక మాట కలుపుతాను. లోపలి కొలతలు అన్నిచోట్లా ఒకటే. బేసుకీ బేసుకీ మధ్య 90 అడుగులు, బంతి వేసే చోటు నుంచి బ్యాటర్ దగ్గరున్న హోమ్ ప్లేటుకు 60 అడుగుల 6 అంగుళాలు. బయటి గోడ మాత్రం ఊరికో తీరు. ఒక ఊళ్లో గోడ దగ్గర, ఇంకో ఊళ్లో దూరం. క్రికెట్లో బౌండరీ గ్రౌండుకో రకంగా ఉన్నట్టే. "ఎంత దూరం వరకు సుమారు" అన్నదానికి అందుకే ఒకే జవాబు లేదు. పనిని బట్టి గోడ జరుగుతుంది.

సిల్క్‌బోర్డు_లెక్క
సాఫ్ట్‌వేర్ పనికి ఆ గోడ ఎక్కడ ఉంటుందో కొన్ని అంకెలు ఇస్తాను.

ప్రాజెక్టు మేనేజర్లు చదివే పీఎంబాక్ మార్గదర్శిలో, 2013 నాటి ఐదో కూర్పులో, మొదటి దశ అంచనాకు "రఫ్ ఆర్డర్ ఆఫ్ మాగ్నిట్యూడ్" అని పేరు. అసలు ఖర్చు దానికన్నా 25 శాతం తగ్గొచ్చు, 75 శాతం పెరగొచ్చు అని అందులో ఉంది. వివరాలన్నీ తేలాక ఇచ్చే ఖాయమైన అంచనాకు ఆ మేర 5 శాతం కిందికి, 10 శాతం పైకి. మీరు చెప్పిన 40 రోజుల్ని మొదటి కొలతతో చూస్తే 30 నుంచి 70. 60 పడితే మీరు మైదానం లోపలే ఉన్నారు. అదే 40ని ఖాయమైన అంచనాగా ఇచ్చి ఉంటే 44 దాటగానే బయటపడ్డట్టు.

కిందికి 25, పైకి 75 ఎందుకు? మర్చిపోయిన పని ఎప్పుడూ లెక్కకు కలుస్తుందే తప్ప తగ్గదు. లాగిన్ పేజీ గుర్తుంటుంది, పాస్‌వర్డ్ మర్చిపోతే వచ్చే పేజీ గుర్తుండదు. పేమెంటు గుర్తుంటుంది, డబ్బు వాపసు ఇచ్చే దారి గుర్తుండదు. మేర రెండు వైపులా సమానంగా గీసినవాళ్లు దాదాపు ఎప్పుడూ పైవైపే దెబ్బ తింటారు.

సాఫ్ట్‌వేర్ ఖర్చుల అంచనాల మీద పనిచేసిన బారీ బోమ్ 1981లో చూపించిన లెక్క ఇంకా వెడల్పు. ఆలోచన దశలో వేసిన అంచనాకు అసలు ఖర్చు నాలుగో వంతు కావొచ్చు, నాలుగు రెట్లూ కావొచ్చు. ఏం కావాలో వివరంగా రాసుకున్న తర్వాత అది మూడింట రెండు వంతుల నుంచి ఒకటిన్నర రెట్ల మధ్యకు వస్తుంది. కాబట్టి అంచనాతో పాటు మీరు ఏ దశలో నిలబడి చెబుతున్నారో కూడా చెప్పాలి.

హిందూపురం_మేస్త్రి
ఇంగ్లీషు నాకు అంతగా రాదు గానీ ఇల్లు కట్టే పనిలో రోజూ జరిగేది ఇదే. బెంగళూరులో 30×40 సైటు చూపించి "అన్నా, ఎంతవుతుంది ఉరమరగా" అంటారు. చదరపు అడుగుకి ఇంత అని చెప్పేస్తారు శానామంది. గొడవ అక్కడే మొదలు.

ఒకటి, చదరం అంటే మా లెక్కలో 100 చదరపు అడుగులు. కన్నడం మేస్త్రీలూ చదర అనే అంటారు. చదరానికి చెప్పిన రేటూ అడుగుకి చెప్పిన రేటూ నూరు రెట్ల తేడా. ఫోన్లో మాట్లాడేటప్పుడు ఏ లెక్కనో ముందే తేల్చుకోవాల.

రెండు, ఆ రేటులో ఏముంది, ఏం లేదు. సంపు, కాంపౌండు గోడ, బోరు, కరెంటు కనెక్షన్ డిపాజిట్, ప్లాను ఖర్చు, వార్డ్‌రోబులు, జీఎస్టీ. మామూలుగా ఇవన్నీ రేటు బయటే ఉంటాయి. ఇంటాయన మాత్రం తాళంచెవి చేతికిచ్చేదాకా అన్నీ ఉన్నాయనుకుంటాడు.

మూడు, పునాది. కింద రాయి తగిలితే ఒక లెక్క, చెరువు మట్టో పూడ్చిన మట్టో తగిలితే ఇంకో లెక్క. గుంత తవ్వకముందు చెప్పిన అంకెకు పునాది వరకు నమ్మకం తక్కువ, పై కట్టుబడికి నమ్మకం ఎక్కువ. రెండూ విడిగా చెప్పాల.

సామాను వరకైతే మేస్త్రీల చేతి లెక్క ఉంది. కట్టిన అడుగుకి 0.4 మూట సిమెంటు, మూడున్నర నుంచి నాలుగు కిలోల కమ్మీ. 1,500 చదరపు అడుగులకి 600 మూటలు, ఐదుంబావు నుంచి ఆరు టన్నుల కమ్మీ. స్తంభాల ఎడం పెరిగినా, పైన ఇంకో అంతస్తు వేసే ఆలోచన ఉన్నా కమ్మీ పెరుగుతుంది.

పదాల_పెట్టె
మేస్త్రి గారూ, ఇంగ్లీషు రాదంటూనే ఈ మాట అర్థం అందరికన్నా బాగా చెప్పారు. మీ "ఉరమరగా" నాకు ఎంతో ఇష్టమైన మాట, ఈ మధ్య పేపర్లలో కనపడటం మానేసింది. తెలుగులో ఇలాంటి మాటలు చాలానే ఉన్నాయి గానీ అన్నీ ఒకటి కావు.

సుమారు, రమారమి, ఇంచుమించు. మూడూ అంకె ముందు నిలబడే మాటలు. "రమారమి 50 మంది" అంటాం. వీటితో ఇబ్బంది ఏమిటంటే మేర ఎంతో చెప్పవు. 48 అయినా రమారమి 50, 40 అయినా రమారమి 50.

దాదాపు కొంచెం వేరు. చాలామంది వాడుకలో అది అంకెను కింద నుంచి సమీపిస్తుంది. "దాదాపు వంద" అంటే 95, 97 తోస్తాయి గానీ 110 తోచదు. పైకి పోయే అవకాశం ఉన్న అంచనాకు దాదాపు వాడితే వినేవాడు తప్పుగా అర్థం చేసుకుంటాడు.

ఉజ్జాయింపు అనేది అంకె పక్కన చేరే విశేషణం కాదు, వేసిన లెక్కకే పేరు. బాల్‌పార్క్ ఫిగర్‌కు రాతలో ఇదే సరిపోతుంది, "ఉజ్జాయింపు అంకె". నోటిమాటలో "అటూ ఇటుగా ఎంత?" అంటే ఇంగ్లీషు మాటలోని చనువు కూడా వస్తుంది. అటు, ఇటు అనడంలోనే మేర ఉంది చూడండి.

కాకిలెక్క వేరే జాతి. కాకుల్ని ఎవరూ లెక్కపెట్టలేరు కదా అని నోటికొచ్చిన అంకె చెప్పడం. ఉజ్జాయింపుకు వెనక లెక్క ఉంటుంది, అడిగితే విప్పి చూపించొచ్చు. కాకిలెక్కకు వెనక ఏమీ ఉండదు. బాల్‌పార్క్ అని పేరు పెట్టి కాకిలెక్క చెప్పేవాళ్ల వల్లే ఈ మాటకు చెడ్డపేరు.

గుత్త దీనికి సరిగ్గా ఎదురు. గంపగుత్తగా ఇంతకు చేస్తానని ఒప్పుకున్నాక లాభమైనా నష్టమైనా చెప్పిందే ఖాయం. కొలిచే తీరు ఉజ్జాయింపులా ఉంటుంది, బాధ్యత మాత్రం పూర్తిగా ఉంటుంది. క్లయింటుకు మీరు ఉజ్జాయింపు చెబితే అతను గుత్త అని వింటాడు. పేచీలన్నీ దాదాపు అక్కడివే.

ఆర్టీనగర్_అక్క
కన్నడం, తమిళం వాళ్లతో మాట్లాడేటప్పుడు ఒక జాగ్రత్త. "సుమారు" వాళ్లకూ ఉంది. కానీ తమిళంలో "సుమార్" అంటే అంతంతమాత్రం అనే అర్థం బాగా వాడుకలో ఉంది. వంట ఎలా ఉందంటే సుమార్ అంటారు. పని నాణ్యత, ఖర్చు రెండూ ఒకే వాక్యంలో ఉన్నప్పుడు సుమారు అన్నది దేనికో స్పష్టంగా ఉండాలి. కన్నడంలో ఖర్చు విషయానికి "అందాజు" అంటే గొడవే లేదు.

వైట్‌ఫీల్డ్_వాసి
ఇన్ని సంగతులు తెలుస్తాయని అనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. రెండు అంకెలు చెప్పాలన్నది అర్థమైంది. కానీ క్లయింటు "జస్ట్ గివ్ మీ వన్ నంబర్" అంటే? అసలు ఆ రెండు అంకెలు ఎలా రాబట్టాలి? పది నిమిషాలే టైము ఉంటుంది.

సిల్క్‌బోర్డు_లెక్క
పది నిమిషాలు చాలు. ఉదాహరణకు 12 స్క్రీన్ల పని ఒకటి అనుకుందాం. కాగితం మీద రెండు నిలువు వరసలు గీయండి, తక్కువ, ఎక్కువ.

చిన్న స్క్రీన్లు 7. ఒక్కోదానికి 2 నుంచి 3 రోజులు. 14, 21.
పెద్దవి 5. ఒక్కోదానికి 5 నుంచి 8. 25, 40.
కలిపితే 39, 61.
టెస్టింగు, తప్పులు దిద్దడం అందులో మూడో వంతు. 13, 20. ఇప్పటికి 52, 81.
మీటింగులు, సర్వర్ల ఏర్పాటు, రివ్యూలు ఇంకో 20 శాతం. 10, 16. మొత్తం 62, 97.

నోటితో చెప్పేటప్పుడు "60 నుంచి 100 మనిషి-రోజులు" (ఒక మనిషి ఒక రోజు చేసే పని ఒక మనిషి-రోజు). 62 నుంచి 97 అనకండి. అంత కచ్చితమైన అంకెలు వింటే కచ్చితంగా లెక్కేశారనుకుంటారు. "బాల్‌పార్క్ 17,43,250 రూపాయలు" అని మెయిళ్లలో కనపడుతుంటుంది. ఆ చివరి 250 మొత్తం మాటనే అబద్ధం చేస్తుంది. ఒకటి, మహా అయితే రెండు అంకెలు ఉంచి మిగతావి సున్నాలు చేయండి.

ఒకే అంకె కావాలని పట్టుబడితే ఊరికే రెండింటి సగటు చెప్పకండి, పని చెడితే ఎంత పడుతుందో అందులో ఉండదు. పర్ట్ అనే ప్రాజెక్టు అంచనా పద్ధతిలో ఒక సూత్రం ఉంది. 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి పనుల కోసం ఆ పద్ధతిని తెచ్చింది. తక్కువ అంకె, ఎక్కువగా జరిగే అవకాశం ఉన్న అంకెకు నాలుగు రెట్లు, చెడితే పట్టే అంకె, ఈ మూడూ కలిపి 6తో భాగించాలి. 60, 75, 130 అనుకోండి. 60, 300, 130 కలిస్తే 490. ఆరో వంతు దాదాపు 82. "80" అని చెప్పండి, వెంటనే అదే ఊపిరిలో "130 దాకా పోవచ్చు, అది దేనివల్లంటే..." అని కారణం చెప్పండి. కారణం చెప్పకపోతే 80 ఒక్కటే రాసుకుంటారు.

మల్లేశ్వరం_మెట్లు
ఫోన్లో అంకెలు చెప్పేటప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. మన నోట ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకేలా పడతాయి. థర్టీన్, థర్టీ కూడా. "వన్ ఫైవ్, ఫిఫ్టీన్" అని విడగొట్టి చెప్పడం మేలు. లక్ష అనే మాట అమెరికా వాళ్లకు తెలియదు. 10,00,000 అని కామా పెడితే టైపు తప్పనుకుంటారు. వాళ్లకు రాసేటప్పుడు 1,000,000 లేదా "ఒక మిలియన్". డాలరో రూపాయో ప్రతి అంకె దగ్గరా ఉండాలి.

రాజాజీనగర్_రాత్రిబడి
పరీక్షలకు చదివే పిల్లలు ఈ పుట చూస్తారు కాబట్టి వాడుక గురించి కూడా రాస్తాను.

"బాల్‌పార్క్ ఫిగర్", "బాల్‌పార్క్ ఎస్టిమేట్" అన్నప్పుడు అది విశేషణం. "ఇన్ ద రైట్ బాల్‌పార్క్" అంటే దరిదాపుల్లో ఉంది. "నాట్ ఈవెన్ ఇన్ ద బాల్‌పార్క్" అంటే దరిదాపుల్లో కూడా లేదు. "ఇన్ ద సేమ్ బాల్‌పార్క్" అంటే రెండూ ఒకే స్థాయివి. రెండు కొటేషన్లు పోల్చేటప్పుడు దీన్ని వాడతారు. "లెట్ మీ బాల్‌పార్క్ ఇట్" అని క్రియగా కూడా వాడతారు గానీ అది మాటల్లోనే బాగుంటుంది.

చాలామంది కలిపేసేది ఒకటుంది. "హిట్ ఇట్ అవుట్ ఆఫ్ ద పార్క్" కూడా బేస్‌బాల్ నుంచే వచ్చింది, కానీ అర్థం మెచ్చుకోలు. మన సిక్సరు కొట్టడంలాంటిది. "యువర్ ఎస్టిమేట్ ఈజ్ అవుట్ ఆఫ్ ద బాల్‌పార్క్" అంటే మాత్రం మెచ్చుకోలు కాదు, అంచనా హద్దు దాటిందని.

"రూల్ ఆఫ్ థంబ్" అంటే లెక్కకు వాడే సూత్రం, మేస్త్రి గారి 0.4 మూటలాగా. "బ్యాక్ ఆఫ్ ద ఎన్వలప్" లెక్క వేసే తీరు, సిల్క్‌బోర్డు గారి రెండు వరసలలాగా. అలా వేస్తే వచ్చే అంకె బాల్‌పార్క్. ఈ మూడింటికీ ఉన్న తేడా తెలిస్తే వాక్యం తప్పదు.

టెండరు పత్రాల్లో, ప్రభుత్వానికి రాసే ఉత్తరాల్లో ఈ మాట వాడకూడదు. అక్కడ "ఇండికేటివ్ ఎస్టిమేట్" అనాలి. బాల్‌పార్క్ చనువు ఉన్న మాట.

జయనగర్_జ్యామితి
ఉజ్జాయింపు లెక్కలో పేరెన్నికగన్నది భౌతిక శాస్త్రవేత్త ఫెర్మీ వేసినది. 1945 జులై 16న ట్రినిటీ అణుపరీక్ష జరిగినప్పుడు ఆయన పది మైళ్ల దూరంలో ఉన్నారు. పేలుడు గాలి తగిలే వేళకు కాగితం ముక్కలు చేతిలోంచి వదిలారు. అవి సుమారు రెండున్నర మీటర్లు జరిగి పడ్డాయి. దాన్ని బట్టి 10 వేల టన్నుల టీఎన్‌టీకి సమానమని చెప్పారు. తర్వాత తేలిన విలువ 20 వేల టన్నులకు పైన. సగం మాత్రమే చెప్పారనిపించొచ్చు. కానీ అది వెయ్యి టన్నులా, లక్ష టన్నులా అన్న స్థితిలో కాగితం ముక్కలతో ఆ మేర పట్టుకోవడం సామాన్యం కాదు.

ఆ పద్ధతిని మన ఇంటి మీద వేసి చూద్దాం. బెంగళూరులో ఒక ఇంటి కప్పు మీద పడే వాన ఆ ఇంటికి సరిపోతుందా?

కప్పు 1,000 చదరపు అడుగులు, అంటే 93 చదరపు మీటర్లు. బెంగళూరులో ఏడాది వాన ఒక మీటరుకు కాస్త తక్కువ, మీటరు అనుకుందాం. చదరపు మీటరు మీద మీటరు వాన అంటే 1,000 లీటర్లు. మొత్తం 93 వేల లీటర్లు. ఆవిరి, మొదటి వాన మురికి, పొంగి పోయేది తీసేస్తే 80 శాతం మిగులుతుందనుకోండి, 70 నుంచి 75 వేలు. మనిషికి రోజుకు 135 లీటర్లు అని మన దేశంలో లెక్క వేస్తారు. నలుగురికి 540, ఏడాదికి దాదాపు రెండు లక్షలు. అంటే వాన నీరు అవసరంలో మూడో వంతు పైచిలుకు. అంతా సరిపోతుందన్న మాటా మైదానంలో లేదు, చుక్క కూడా పనికిరాదన్న మాటా లేదు.

ఇక్కడే ఒక తప్పు జరుగుతుంది. ఇది ఏడాది మొత్తానికి జవాబు. వాన పడేది ఎక్కువగా మే నుంచి అక్టోబరు దాకా. ఇంటి సంపు 8 వేల లీటర్లయితే సెప్టెంబరులో పొంగిపోతుంది, ఫిబ్రవరిలో ఎండుతుంది. "ఏడాదికి ఎంత పడుతుంది" అన్న ప్రశ్నకు వేసిన ఉజ్జాయింపును "ఎన్ని ట్యాంకర్లు తగ్గుతాయి" అన్నదానికి జవాబుగా వాడకూడదు. ఆఫీసు అంచనాల్లోనూ ఇదే. పనికి పట్టే శ్రమ అడిగితే చెప్పిన అంకెను వాళ్లు విడుదల తేదీగా రాసుకుంటారు.

బసవనగుడి_బంతి
వంటవాళ్ల దగ్గర కూడా ఇదే పద్ధతి చూడొచ్చు. పులిహోర, తీపి, వడ ఉన్న పెళ్లి భోజనానికి 100 మందికి 10 నుంచి 12 కిలోల బియ్యం అని మొదట చెబుతారు. డబ్బు మాత్రం ఆకుల లెక్క మీద. ఇన్ని ఆకులకు తక్కువ కాకూడదని ముందే ఒప్పందం ఉంటుంది, దాని మీద లేచిన ప్రతి ఆకుకూ విడిగా. కిందివైపు ఖాయం, పైవైపు వదిలేసి ఉంచడం. పిలుపులు పూర్తయ్యాక ఒకసారి, ముందురోజు ఒకసారి అంకె సవరిస్తారు. క్లయింట్లకు కూడా సవరణ తేదీలు ఇలా ముందే చెప్పి ఉంచితే మేలు.

కోర్టు_గుమ్మం
కట్టుబడాలా అన్న ప్రశ్న మిగిలిపోయింది. 1893లో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ వలసలకు అప్పట్లో చివరి అప్పీలు కోర్టు) చెప్పిన హార్వీ వర్సెస్ ఫేసీ తీర్పును మన లా కాలేజీల్లో కూడా చెబుతారు. జమైకాలో బంపర్ హాల్ పెన్ అనే ఆస్తిని అమ్ముతారా, కనీస ధర ఎంత అని తంతి వెళ్లింది. "కనీస ధర 900 పౌండ్లు" అని జవాబు వచ్చింది. కొంటామని అవతలివాళ్లు ఒప్పుకున్నారు. ఒప్పందం కుదరలేదని తీర్పు. ధర చెప్పడం సమాచారం ఇవ్వడమే, ఇస్తానని మాట ఇవ్వడం కాదు. మన 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 2(ఏ)లో కూడా అవతలివాళ్ల సమ్మతి కోరుతూ చెబితేనే అది ప్రతిపాదన.

కాబట్టి బాల్‌పార్క్ చెప్పినంత మాత్రాన కట్టుబడినట్టు కాదు. కానీ పక్కన మీరు రాసే క్రియ ముఖ్యం. "ఇంత కావొచ్చు" అన్నది అంచనా. "ఇంతకు చేసి ఇస్తాం" అన్నది మాట ఇవ్వడం, ముందు బాల్‌పార్క్ అని రాసినా సరే. అదే అంకె తర్వాత పర్చేజ్ ఆర్డరులోకి ఎక్కి, మీరు అభ్యంతరం చెప్పకుండా పని మొదలుపెడితే అప్పుడు అది ఉజ్జాయింపు అనడం కష్టం. పర్చేజ్ ఆర్డరు వచ్చిన రోజునే అంకె చూసుకోవాలి.

వైట్‌ఫీల్డ్_వాసి
మీరంతా చెప్పినవి కలిపి ఇలా రాశాను, ఇంగ్లీషులోకి మార్చుకుంటాను. తప్పులుంటే చెప్పండి.

"ఇప్పటికి తెలిసినదాన్ని బట్టి బాల్‌పార్క్ 60 నుంచి 100 రోజులు, ఇద్దరు మనుషులతో. 12 స్క్రీన్లు, ఒక పేమెంట్ గేట్‌వే అన్న లెక్కతో. పాత డేటా తరలింపు ఇందులో లేదు. గేట్‌వే వాళ్ల టెస్ట్ ఖాతా ఆలస్యమైతే పై అంకె దాటవచ్చు. డిజైన్లు అందిన వారంలోగా సవరించిన అంచనా పంపుతాం. ఇది ధర ఒప్పందం కాదు."

సిల్క్‌బోర్డు_లెక్క
మొదటి వాక్యం మార్చాలి. "60 నుంచి 100 రోజులు, ఇద్దరితో" అంటే ఇద్దరూ కలిసి 60 రోజులు కూర్చుంటారని, అంటే 120 మనిషి-రోజులని కూడా చదవొచ్చు. "మొత్తం శ్రమ 60 నుంచి 100 మనిషి-రోజులు. ఇద్దరు పనిచేస్తే క్యాలెండరులో ఒకటిన్నర నుంచి రెండున్నర నెలలు" అని విడగొట్టండి. నెలకు 21 పనిదినాల లెక్క అది, పండగ సెలవులు ఉంటే ఇంకో వారం కలపండి.

మిగతాది బాగుంది. ఏది లేదో రాయడం, ఎప్పుడు సవరిస్తారో రాయడం, ఈ రెండూ చాలామంది వదిలేస్తారు.

హిందూపురం_మేస్త్రి
డేటా తరలింపు లేదన్నారు కదా. "కావాలంటే విడిగా లెక్క చెబుతాం" అని ఒక మాట కలపండి. మా పనిలో కాంపౌండు గోడ లేదని మాత్రమే చెబితే, అది ఊరికే వేసి ఇస్తారులే అనుకున్నోళ్లు ఉన్నారు.

వైట్‌ఫీల్డ్_వాసి
రెండూ మార్చాను. మెయిల్ పైన సబ్జెక్టు లైనులో "ప్రాజెక్ట్ ఎస్టిమేట్" అని పెట్టాను, సరేనా?

పదాల_పెట్టె
వద్దండి, అక్కడ కూడా "బాల్‌పార్క్" అనే పెట్టండి. ఆ మెయిల్ ఇంకో నలుగురికి ఫార్వర్డ్ అయినప్పుడు లోపలి షరతులు చదివేవాళ్లు తక్కువ, సబ్జెక్టు లైను అందరికీ కనపడుతుంది. పక్కన తేదీ కూడా వేయండి. సవరించిన అంచనా పంపిన రోజు ఏది పాతదో, ఏది కొత్తదో వెతుక్కోనక్కర్లేదు.